మెడికెయిడ్ ఉన్న పిల్లల పళ్ల సీలెంట్‌కి డబ్బు అడిగితే సంతకం పెట్టకండి

అమెరికాలో పిల్లలకు మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఉన్నవాళ్లు జాగ్రత్త. పళ్లు క్లీనింగ్ చేయించడానికి తీసుకెళ్తారు, పిల్లను కుర్చీలో కూర్చోబెట్టాక కాగితం చేతికిస్తారు: "సీలెంట్లు మీ ప్లాన్‌లో రావు, పంటికి ఇంత, ఇక్కడ సంతకం." (సీలెంట్ అంటే పన్ను పుచ్చకుండా దవడ పళ్ల గాడుల్లో వేసే పూత.) ఆగండి. కవర్ కాదని తెలిసే ఒప్పుకున్నారని తర్వాత మీకే చూపించేది ఆ కాగితమే.

21 ఏళ్ల లోపు పిల్లలకు పళ్ల పరీక్ష, నివారణ, అవసరమైన చికిత్స మెడికెయిడ్ ఇచ్చి తీరాలి. ఇపిఎస్‌డిటి అనే ఫెడరల్ నిబంధన అది. కవరయ్యే పనికి మెడికెయిడ్ ఇచ్చిందే పూర్తి ఫీజు. చాలా రాష్ట్రాల్లో ఆ రేట్లు ప్రైవేటు ఇన్సూరెన్స్ కంటే తక్కువ, క్లినిక్‌లు మెడికెయిడ్ పిల్లల్ని తగ్గించుకునేది అందుకే. ఆ లోటు మీరు పూడ్చాల్సింది మాత్రం కాదు.

ముందు ఆ పనికి బిల్లులో వేసే కోడ్, పంటి నంబరు (అక్కడ ప్రతి పంటికీ ఒక నంబరుంటుంది) రాసిమ్మనండి. సీలెంట్ డి1351, ఫ్లోరైడ్ వార్నిష్ (పుచ్చకుండా పళ్లకు రాసే ఫ్లోరైడ్ పూత) డి1206, పిల్లల క్లీనింగ్ డి1120. ఆరేళ్లకు వచ్చే శాశ్వత దవడ పళ్లు 3, 14, 19, 30. పన్నెండేళ్లవి 2, 15, 18, 31. కార్డు వెనకున్న నంబరుకి అక్కడే ఫోన్ చేసి, ఈ కోడ్, ఈ పన్ను కవరవుతుందా అని అడగండి. పాల పళ్లకు, మళ్లీ వేయడానికి ఎన్నేళ్లు ఆగాలన్నదానికి రాష్ట్రాన్ని బట్టి రూల్స్ మారతాయి. అదే పంటికి పాత క్లినిక్ ఈమధ్యే బిల్లు వేసి ఉంటే కొత్త క్లెయిమ్‌ని ప్లాన్ తిరస్కరించొచ్చు, అదీ కనుక్కోండి. నిజంగా కాదంటే ప్లాన్ నుంచి ఉత్తరం అడిగి తీసుకోండి. మేనేజ్డ్ కేర్ ప్లాన్ (మెడికెయిడ్ తరఫున బీమా కంపెనీ నడిపే ప్లాన్) అయితే దానిమీది తేదీ నుంచి 60 రోజుల్లోపు అప్పీల్ వేయొచ్చు.

సీలెంట్‌కి సూది ఉండదు. పన్ను ఆరబెట్టి, యాసిడ్ జెల్ రాసి, కడిగి మళ్లీ ఆరబెడితే పైభాగం సుద్దలా తెల్లబడుతుంది. అప్పుడు గాడుల్లో రెజిన్ (ప్లాస్టిక్ లాంటి ద్రవం) పోసి లైటుతో గట్టిపరుస్తారు. మధ్యలో ఉమ్మి తగిలితే నిలవదు, త్వరగా ఊడిపోతుంది. అందుకే హడావుడిగా వేసే చోట వేయించకండి.

క్లినిక్ దొరకలేదని మాత్రం వాయిదా వేయొద్దు. 2007లో మేరీలాండ్‌లో 12 ఏళ్ల బాబు పంటి ఇన్ఫెక్షన్ మెదడుకు పాకి చనిపోయాడు. "మెడికెయిడ్ తీసుకుంటాం" అన్న మాట చాలదు. మీ ప్లాన్ పేరు చెప్పి, కొత్త పిల్లల్ని తీసుకుంటున్నారా, మొదటి ఖాళీ ఎప్పుడు అని అడగండి. క్లినిక్ వెతకడానికి ప్రభుత్వ ఇన్షూర్ కిడ్స్ నౌ హెల్ప్‌లైన్ 1-877-543-7669. డెంటల్ కాలేజీలు, కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు కూడా చూడండి. ఐదేళ్ల లోపు పిల్లలకైతే ఫ్లోరైడ్ వార్నిష్ పిల్లల డాక్టరే వేయగలరు, తర్వాతి చెకప్‌లో గుర్తుచేయండి.