పాతబడిన మ్యాలెట్ ఫ్రాక్చర్‌కు రెండు కె-వైర్ల పద్ధతి: చాలాకాలం వాడాక మా సమీక్ష

వేలి చివరి కీలు దగ్గర ఎముక ముక్క ఊడడాన్ని మ్యాలెట్ ఫ్రాక్చర్ అంటారు. అది నాలుగైదు వారాలు దాటితే ఇషిగురో పద్ధతి, అంటే కె-వైర్లనే రెండు సన్నటి లోహపు తీగల్లో ఒకదాన్ని ముక్క వెనక అడ్డుపెట్టి, రెండోదాన్ని కీలు గుండా పంపే పద్ధతి, పనికిరాదనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. చాలాకాలం వాడాక మా అభిప్రాయం అది కాదు. పనికొస్తుంది, అయితే కొత్త దెబ్బకు చేసినట్టే పాతదానికీ చేస్తే మాత్రం విఫలమవుతుంది. తేడా అంతా వైర్లు వేయడానికి ముందు చేసే ఒక్క పనిలో ఉంది. విరిగిన చోట పేరుకున్న పీచు కణజాలాన్ని, మెత్తటి కొత్త ఎముకను గీకి తీసేయాలి. ఆ పని సగంలో వదిలేస్తే వైర్లు ఎంత అందంగా వేసినా ముక్క తన చోటికి రాదు.

ఎందుకో చూద్దాం. వేలిని చాచే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) చివరి ఎముక మొదట్లో, వెనుక వైపు అతుక్కుని ఉంటుంది. చాచిన వేలి కొసకు దెబ్బ తగిలి వేలు బలవంతంగా వంగినప్పుడు టెండన్ ఆ ఎముక అంచును ఊడబెరుకుతుంది. ఊడిన ముక్కను టెండన్ వెనక్కి లాగుతుంది. మిగిలిన ఎముకను వేలిని వంచే లోపలి టెండన్ అరచేతి వైపు లాగుతుంది. ముక్క పెద్దదైతే కీలు అరచేతి వైపు జారుతుంది. వారాలు గడిచేకొద్దీ ఆ ఖాళీ పీచుతో నిండుతుంది, ముక్క వాలిన చోటే అతుక్కోవడం మొదలుపెడుతుంది, అంచులు మొండిబారతాయి, టెండన్ బిగుసుకుంటుంది. అప్పుడు వైరుతో ముక్కను అడ్డుకుని చివరి ఎముకను ఎంత పైకెత్తినా మధ్యలో ఉన్న పీచు రెండు ముఖాలనూ కలవనివ్వదు.

ఎవరికి చేయాలన్నది చేతి నైపుణ్యం కన్నా ముఖ్యం. సరైన పక్క ఎక్స్-రే లేకుండా నిర్ణయం తీసుకోకండి. నడిమి ఎముక తల మీది రెండు గుండ్రటి అంచులు ఒకదాని మీద ఒకటి పడి ఒకటిగా కనబడాలి. వేలు కాస్త తిరిగినా జారిన కీలు మామూలుగానే అనిపిస్తుంది. నడిమి ఎముక మధ్యరేఖ, చివరి ఎముక మధ్యరేఖ కలుస్తున్నాయా, కీలు సందు వెనుక వైపు ఆంగ్ల వి అక్షరంలా తెరుచుకుందా చూడాలి. ముక్క చిన్నది, కీలు జారలేదు అంటే ఆపరేషన్ అవసరం లేదు. ఆలస్యంగా వచ్చినా 6 నుంచి 8 వారాలు రాత్రింబవళ్లు స్ప్లింట్ (వేలిని తిన్నగా నిలిపే ఆధారపు పట్టీ) వేస్తే చాలామందికి సరిపోతుంది. ఎక్స్-రేలో ముక్క కనబడుతోంది కదా అని వైరు పట్టుకోవడాన్ని మేము గట్టిగా వ్యతిరేకిస్తాం.

కీలు జారి ఉంటే, నొప్పి తగ్గకపోతే, మధ్య కీలు వెనక్కి విరుచుకుంటూ వేలు హంస మెడలా మారుతుంటే ఈ పద్ధతి ఆలోచించాలి. ముందుగా ఒక పరీక్ష చేయాలి. మన చేత్తో చివరి కీలును నెమ్మదిగా చాస్తే పూర్తిగా తిన్నగా వస్తోందా? వస్తే ఆశ ఉంది. 30 డిగ్రీల వంపులోనే బిగుసుకుపోయి కదలకపోతే వైర్లు ఏమీ చేయలేవు. కీలు సందు అరిగి, అంచుల్లో ఎముక ముళ్లు కనబడినా అంతే.

ఇక చేసే తీరు. వేలి మొదట్లో 2-3 మిల్లీలీటర్ల లిగ్నోకైన్ (మొద్దుబార్చే మందు) చాలు. వేలికి టూర్నికే (రక్తాన్ని ఆపే పట్టీ) కడితే దానికి పెద్ద క్లిప్ ఒకటి తగిలించండి, కట్టు వేశాక లోపల మరచిపోయే ప్రమాదం ఉండదు. సి-ఆర్మ్‌ను (ఎక్స్-రేను అప్పటికప్పుడు తెర మీద చూపే యంత్రం) పక్క చూపులో పెట్టాలి.

శుభ్రం చేయడానికి 18 గేజ్ సూది మంచి పనిముట్టు. మధ్యలోంచి కాకుండా, వెనుక వైపు పక్కనుంచి విరుపులోకి పంపాలి. టెండన్ అతుక్కున్న చోటుకి, గోరు పుట్టే పొరకి మధ్య దూరం ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లకు మించదు. సూది ముందుకు జారితే జీవితాంతం గోటి మీద గాడి మిగులుతుంది. సూది ఏటవాలు కొసతో ఈ చివర నుంచి ఆ చివర దాకా అటూ ఇటూ గీకాలి. రెండు మూడు నెలలు దాటిన వాటికి సూది చాలదు. పక్కన 3-4 మిల్లీమీటర్ల కోత పెట్టి అతి చిన్న క్యూరెట్‌తో (గీకి తీసే చెంచా లాంటి పనిముట్టు) తీయాలి. ఎముక గట్టిగా అతికి ఉంటే 1 మిల్లీమీటరు వైరును చేత్తోనే తిప్పుతూ పాత విరుపు గీత వెంట వరసగా బెజ్జాలు వేసి విడదీయాలి. తొందరపడి సూదితో ఎగదన్నితే ముక్క రెండుగా పగులుతుంది. పగిలిందంటే ఈ పద్ధతికి పట్టు పోయినట్టే.

చాలినంత గీకామని ఎలా తెలుస్తుంది? తెర మీద చూస్తూ కీలును వంచి చాచండి. చివరి ఎముక కదులుతుంటే ముక్క దానితోపాటు కదలకూడదు, విడిగా నిలవాలి. అది కనబడేదాకా మొదటి వైరు ముట్టుకోవద్దు. మేము చూసిన వైఫల్యాల్లో ఎక్కువ భాగం ఇక్కడ తొందరపడినవే.

ఆ తర్వాత చివరి కీలును పూర్తిగా వంచాలి. అప్పుడు టెండన్‌తోపాటు ముక్క ముందుకు వస్తుంది. పాత దెబ్బల్లో బిగుసుకున్న టెండన్ అంత తేలిగ్గా ఒప్పుకోదు, మొద్దు కొస ఉన్న పనిముట్టుతో వెనకనుంచి ముక్కను మెల్లగా నెట్టాల్సి వస్తుంది. ముక్క వెనుక అంచుకు ఆనుకుని, టెండన్‌లోంచి, సుమారు 45 డిగ్రీల వాలులో అడ్డు వైరును నడిమి ఎముక తలలోకి పంపాలి. కొత్త దెబ్బకు 0.9 మిల్లీమీటర్ల వైరు ఆగినా, పాతదానికి వంగిపోతుంది. చిటికెన వేలు తప్ప మిగతా వేళ్లకు మేము 1.1 లేదా 1.2 వాడతాం. వైరు ముక్కను గుచ్చుకోకూడదు. అది వెనక నిలబడే గోడ మాత్రమే, మేకు కాదు. నడిమి ఎముక అవతలి అంచు పట్టగానే ఆపాలి, దాటితే వంచే టెండన్ గీసుకుంటుంది.

రెండో వైరుకు ఒక చిట్కా ఉంది. ముక్కను కూర్చోబెట్టక ముందే, వేలి కొసన గోటికి 2-3 మిల్లీమీటర్ల కింద నుంచి వైరును చివరి ఎముక పొడవునా కీలు అంచు దాకా తెచ్చి ఆపి ఉంచాలి. తర్వాత చివరి ఎముక మొదలును అరచేతి వైపు నుంచి పైకి నెడుతూ, కొసను చాచి, విరిగిన ముఖాలు కలిశాక ఒక్క నెట్టులో కీలు దాటించాలి. పదే పదే తోస్తే మృదులాస్థిలో బెజ్జాలు పెరుగుతాయి, వైరుకు పట్టు ఉండదు. కీలు సున్నా డిగ్రీల్లో ఉండాలి. ఎలాగూ కొంత వాలుతుందిలే అని ముందే వెనక్కి విరిచి పెట్టడం పెద్ద తప్పు. వెనుక చర్మం తెల్లబడి, రక్తం అందక చచ్చిపోతుంది. ఒక మిల్లీమీటరు లోపు సందు మిగిలినా మేము ఒప్పుకుంటాం. కీలు జారి ఉంటే మాత్రం ఒప్పుకోం, మళ్లీ మొదటికి వెళ్తాం.

కొత్త దెబ్బకు అడ్డు వైరును 4 వారాలకు తీయవచ్చు. పాతదానికి రెండు వైర్లనూ 6 వారాలు ఉంచడమే నయం, ఎముక నెమ్మదిగా అతుకుతుంది. మధ్య కీలును మొదటి రోజు నుంచే కదిలించాలి. వైర్లు తీశాక రెండు వారాలు స్ప్లింట్, ఆపై నెల రోజులు రాత్రిపూట మాత్రమే. ఎవరో చేత్తో బలవంతంగా వంచే వ్యాయామం ఈ దశలో వద్దు.

ఇక లోపాలు. వైరు చుట్టూ ఎరుపు, చెమ్మ తరచుగా కనబడేవే. చర్మం వైరు మీద కదలడమే ఎక్కువగా కారణం, కట్టు బిగువుగా పొడిగా ఉంటే తగ్గుతుంది. కీలు గుండా వెళ్లిన వైరు దగ్గర చీము కనబడితే మాత్రం వారాలు లెక్కపెట్టకుండా వైరు తీసేయాలి, కీలు పాడవుతుంది. కట్టు వేసిన వేలితో బరువు పని చేస్తే వైరు కీలు దగ్గరే విరుగుతుంది, విరిగిన కొస నడిమి ఎముకలో మిగిలిపోతుంది. వెనుక వైపు బొడిపె చాలామందికి పూర్తిగా పోదు. 70-80 డిగ్రీలు వంగాల్సిన కీలు పాత దెబ్బ తర్వాత అంత వంగడం అరుదు. ఇవన్నీ ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. మ్యాలెట్ వేలి ఫలితాలను అంచనా వేసే క్రాఫోర్డ్ కొలత ప్రకారం నొప్పి లేకుండా, పూర్తిగా వంగుతూ, చాచడంలో 10 డిగ్రీల లోపు లోటుంటే మంచి ఫలితం. పాత ఫ్రాక్చర్‌లో అందరికీ అందకపోయినా మేము గురిపెట్టేది అదే.

హుక్ ప్లేట్ (ముక్కను కొక్కెంతో పట్టే చిన్న లోహపు పలక) కూడా వాడాం. పెద్ద ముక్కకు పట్టు బాగుంటుంది, కీలు గుండా వైరు అక్కర్లేదు కనుక వేలు త్వరగా కదులుతుంది. కానీ కోత పెద్దది, ప్లేట్ గోరు పుట్టే పొర అంచునే కూర్చుంటుంది, పల్చటి చర్మం కింద తగులుతుంది. చాలామందికి తర్వాత తీయాల్సి వస్తుంది. రెండు వైర్లు ఓడిపోయిన చోట తప్ప దాన్ని ముందుగా ఎంచుకోం.

కీలు అరిగిపోయిన వాళ్లకు ఆ కీలు కదలకుండా రెండు ఎముకలనూ ఒకటిగా అతికించేయడమే మేలు, దాన్ని ఓటమిగా చూడనక్కర్లేదు. నొప్పి పోతుంది, పట్టు తిరిగి వస్తుంది. తల లేని బిగింపు స్క్రూతో కీలు దాదాపు తిన్నగా కుదురుతుంది. కొంచెం వంపు కావాలంటే అడ్డంగా వేసిన కె-వైర్లు అనువు. చిటికెన వేలి చివరి ఎముక చాలా సన్నం. స్క్రూ వేసే ముందు పక్క ఎక్స్-రేలో దాని అత్యంత సన్నని చోటును కొలవండి. స్క్రూ మరలు అంతకన్నా లావుగా ఉంటే గోటి కిందకు పొడుచుకు వస్తాయి. అలాంటి వేలికి వైర్లే వాడాలి.