పదిహేడేళ్లుగా వాడుతున్నాను: ఇంగ్లీషు క్రియ, మధ్యలో సర్వనామం, చివర దిక్కుమాట

మొదటి నాలుగేళ్లు దీన్ని తప్పుగానే వాడాను. "ఐ విల్ కాల్ యూ బ్యాక్" అనాల్సిన చోట "ఐ విల్ కాల్ బ్యాక్ యూ" అనేదాన్ని. అవతలివాళ్లకు అర్థమయ్యేది, నేను మళ్లీ ఫోను చేసేదాన్ని, పని జరిగిపోయేది. తప్పని ఒక్కరూ అనలేదు. పని ఆగని తప్పును ఎవరు మాత్రం దిద్దుతారు?

కంప్యూటర్లు మొరాయించినప్పుడు ఫోనులో సలహా చెప్పే ఉద్యోగం నాది. రోజంతా ఇంగ్లీషులోనే మాట్లాడాలి. ఇన్నేళ్లలో నేను అన్నిటికన్నా ఎక్కువగా అరగదీసిన పనిముట్టు ఈ మూడు ముక్కల అమరిక: ముందు ఒక చిన్న క్రియ, మధ్యలో ఇట్, దెమ్, మీ లాంటి సర్వనామం, చివర అప్, ఆఫ్, ఔట్, ఇన్, బ్యాక్ లాంటి దిక్కు చెప్పే మాట. వ్యాకరణవేత్తలు ఇలాంటి క్రియలను ఫ్రేజల్ వెర్బ్‌లు అంటారు. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ అనే రచయిత ఆ పేరు వాడుతూ, దాన్ని తనకు సూచించింది నిఘంటుకారుడు హెన్రీ బ్రాడ్లీ అని చెప్పుకున్నాడు. చివరి ముక్కను నేను మాత్రం దిక్కుమాట అంటాను. కోపం వచ్చిన రోజుల్లో దిక్కుమాలిన మాట అని కూడా అన్నాను.

నా చెవులు తెరిపించింది ఒక పెద్దాయన. పక్క కుర్చీలో కూర్చుని ఫోనులో ఎవరిచేతో బ్యాటరీ తీయిస్తున్నారు. బ్యాటరీ అనే మాట ఒక్కసారే పలికారు. ఆ తరువాత అంతా "టేకిటౌట్... వైపిటాఫ్... పుటిట్ బ్యాకిన్... టర్నిటాన్". ఒక్కొక్కటీ ఒకే మాటలా వినిపించింది. మధ్యలోని 'ఇట్' ముందున్న క్రియకు అతుక్కుని సగం నలిగిపోతోంది. ఊనిక వెళ్లి చివరి మాట మీద పడుతోంది. అవే పనులు నేను "టేక్ ఔట్ ఇట్", "టర్న్ ఆన్ ఇట్" అంటూ చేయించేదాన్ని. ఆ సాయంత్రం నుంచి నా మాటలు నాకే చెప్పులో రాయిలా తగలడం మొదలుపెట్టాయి.

సూత్రం చెప్పాలంటే రెండు ముక్కలు. కర్మ నామవాచకమైతే "టర్న్ ఆఫ్ ద లైట్" అనవచ్చు, "టర్న్ ద లైట్ ఆఫ్" అనీ అనవచ్చు. సర్వనామమైతే దాని చోటు మధ్యలోనే. ఎందుకంటే వాక్యం చివరి చోటును ఇంగ్లీషు బరువైన మాటకు, కొత్త సంగతికి అట్టిపెడుతుంది. 'ఇట్' అంటే ఇద్దరికీ అప్పటికే తెలిసిన వస్తువు. దానికి ఆ పీట దక్కదు. "మమ్మల్ని కాదు, వాళ్లను" అని వేలు పెట్టి చూపినట్టు పలికేటప్పుడు మాత్రం సర్వనామానికీ బరువు వస్తుంది, అప్పుడు చివర కూర్చోనిస్తారు.

ఇంత చిన్న సూత్రం మనకెందుకు పట్టుబడదు? తెలుగులో "బ్యాటరీ తీయండి, తుడవండి, మళ్లీ పెట్టండి" అంటే చాలు. ప్రతి క్రియకూ 'దాన్ని' తగిలిస్తే చాదస్తంగా ఉంటుంది. కాబట్టి 'ఇట్' మనకు ముందు గుర్తే రాదు, గుర్తొచ్చేసరికి నోరు చివరిదాకా వెళ్లిపోయి ఉంటుంది. అసలు చిక్కు ఇంకొకటి ఉంది. స్విచ్చాఫ్ చేయి, పికప్ చేయి, లాగిన్ అవ్వు, బ్యాకప్ తీయి: ఈ జంటలను మనం కలిపేసి ఒకే నామవాచకంగా తెచ్చుకున్నాం, వెనక మన క్రియ ఒకటి తగిలించాం. తెలుగులో అది చక్కగా నడుస్తుంది. ఆ గడ్డనే తిరిగి ఇంగ్లీషులోకి పట్టుకెళ్తే "స్విచ్చాఫ్ ఇట్" వస్తుంది. సంధి చేయడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఇక్కడ కావలసింది పదవిభాగం.

పోనీ, ప్రతిదాన్నీ విడదీస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. "లుక్ ఎట్ ఇట్", "లుక్ ఆఫ్టర్ హర్" లాంటివాటిలో చిన్నమాట దిక్కు చెప్పదు, మన విభక్తి ప్రత్యయంలా కర్మను పట్టుకుని ఉంటుంది. అందుకే సర్వనామం దాని తరువాతే. కొన్ని మాటలు రెండు వేషాలూ వేస్తాయి. కొండ మీదికి పరుగెత్తితే "రన్ అప్ ఇట్", అప్పు పెంచుకుంటే "రన్ ఇట్ అప్". ఈ తేడాకు నేను మూల్యం చెల్లించింది 'త్రూ' దగ్గర. "సీ ఇట్ త్రూ" అంటే చివరిదాకా నిలబడి పూర్తిచేయడం. "సీ త్రూ ఇట్" అంటే పైపూత వెనక ఉన్న మోసాన్ని పసిగట్టడం. మరమ్మతు ముగిసేదాకా వదిలిపెట్టనని ఒక ఖాతాదారుకు హామీ ఇవ్వబోయి రెండోది రాశాను. పసిగట్టడానికి తమ వైపు దాపరికం ఏమీ లేదని ఆయన ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. ఆ మర్యాదే ఎక్కువగా గుచ్చుకుంది.

నక్షత్రాలు ఇవ్వాల్సి వస్తే అమరికకు అయిదు ఇస్తాను, అర్థాలకు రెండు. "గో ఆఫ్" అనే ఒక్క జంటను చూడండి: అలారం మోగినా అదే, దీపం ఆరినా అదే, బ్రిటన్‌లో పాలు విరిగినా అదే. చెట్టును "చాప్ డౌన్" చేసి నరికి, ఆ దుంగనే "చాప్ అప్" చేసి ముక్కలు చేస్తారు. కిందా పైనా ఒకే గొడ్డలి. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు ముందుమాటలోనే, క్రియ వెనక చిన్నమాట చేర్చి అర్థం మార్చే ఈ పద్ధతే విదేశీయులకు అన్నిటికన్నా కష్టమని రాశాడు. అది చదివాక కొంత ఊరట కలిగింది.

ఆ ఫిర్యాదులో సగం తెలుగే తీర్చింది. "ఈట్ ఇట్ అప్"లో పైకి ఏముందని ఏళ్ల తరబడి గొణుక్కున్నాను. ఒకరోజు అన్నం ముందు కూర్చున్న పిల్లవాడితో "తొందరగా తినేయి" అన్నాను. తినేయిలో 'వేయి' ఉంది. మరి ఎవరు దేన్ని ఎక్కడ వేశారు? 'వేయు' అక్కడ పని ముగిసిందని చెప్పే తోక, అంతే. 'అప్' చేసే పనీ అదే. తాగేయి, రాసేయి, చెప్పేయి అని రోజూ వాడే మనకు ఇంగ్లీషువాళ్ల 'అప్' మీద విసుక్కునే హక్కు అంతగా లేదు. 'చూడు'కు 'కొను' చేరి 'చూసుకో' అయితే బాధ్యత వచ్చినట్టే, 'లుక్'కు 'ఆఫ్టర్' చేరితే బాధ్యత వస్తుంది.

దిక్కుమాట వాక్యం మొదటికి వచ్చినప్పుడు కర్త విషయంలోనూ ఇదే న్యాయం నడుస్తుందని చాలా ఆలస్యంగా గమనించాను. బస్సు వస్తుంటే "హియర్ కమ్స్ ద బస్", అదే సర్వనామమైతే "హియర్ ఇట్ కమ్స్". బరువున్న బస్సు చివర నిలబడుతుంది, 'ఇట్' మళ్లీ మధ్యలోకి జారుకుంటుంది.

కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పేది, జాబితాలు బట్టీ పట్టవద్దని. 'టర్న్ ఆఫ్' అని నేర్చుకుంటే 'ఇట్'కు చోటు వెతుక్కోవాలి. 'టర్నిటాఫ్' అని నేర్చుకుంటే అది ముందే కూర్చుని ఉంటుంది. "పుట్ అప్ విత్ ఇట్" లాంటి మూడు మాటల కట్టలను తరువాత చూసుకోవచ్చు. అక్కడ 'ఇట్' చివరికి పోతుంది, "గెట్ ఇట్ ఓవర్ విత్"లో మళ్లీ మధ్యకు వస్తుంది. అలసిపోయిన రోజు ఈ రెండింటి దగ్గర నేను ఇప్పటికీ తడబడతాను.

ఈ మధ్య ఫోనులో ఒకావిడ "టాక్ మీ త్రూ ఇట్" అన్నారు. అడుగడుగూ చెబుతూ తనచేత చేయించమని అర్థం. నాలుగు మాటల్లో రెండు సర్వనామాలు: క్రియ పట్టుకున్నది మధ్యలో, 'త్రూ' పట్టుకున్నది చివర. దేని చోటు దానిదే. ఆమె కంప్యూటర్ సంగతి మరిచిపోయి ఆ వాక్యాన్నే మనసులో తిప్పుకుంటూ ఉండిపోయాను, ఆవిడ "హలో, ఉన్నారా?" అనేదాకా.