విదేశాంగ విధానంపై పరిశోధన: ఓట్ల లెక్కలా, ప్రసంగాలా, ఇంటర్వ్యూలా, పాత ఫైళ్లా – ఏది మేలు?

ముందు పద్ధతి ఎంచుకుని, దానికి సరిపడే ప్రశ్న కోసం తర్వాత వెతకడం ఈ రంగంలో తరచూ కనిపిస్తుంది. అది తలకిందుల పని. ‘ఆ దేశం ఎటు మొగ్గుతోంది, ఎప్పటి నుంచి?’ అని అడిగితే లెక్కలు కావాలి. ‘ఆ నిర్ణయం ఎందుకు తీసుకుంది?’ అని అడిగితే మాత్రం లెక్కలు చాలవు.

మొదటి రకం ప్రశ్నకు ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ ఓట్లు మంచి ముడిసరుకు. 1946 నుంచి రికార్డు ఉంది, ఉచితంగా దొరుకుతుంది. చిక్కు కోడింగ్‌లో, అంటే ఒక్కో ఓటుకు అంకె విలువ ఇవ్వడంలో వస్తుంది. ఓటింగుకు దూరంగా ఉండటం ఒక వైఖరి. సభకు గైర్హాజరు కావడం వైఖరి కాకపోవచ్చు. రెండింటికీ ఒకే విలువ ఇస్తే ఫలితం పాడవుతుంది. ఉక్రెయిన్‌పై 2022 మార్చి 2న వచ్చిన తీర్మానానికి 141 దేశాలు అనుకూలంగా, 5 వ్యతిరేకంగా ఓటేశాయి. 35 దూరంగా ఉన్నాయి. ఆ 35లో భారత్, చైనా రెండూ ఉన్నాయి. ఓటు ఒకటే, కారణాలు వేరు, ఆ తేడా పట్టికలో కనపడదు. క్యూబాపై అమెరికా ఆంక్షలు ఎత్తేయాలనే తీర్మానం లాంటివి దాదాపు ఏటా తిరిగి వస్తాయి కాబట్టి ఒకే అంశం పదేపదే లెక్కలోకి చేరుతుంది. పైగా చాలా తీర్మానాలు ఓటింగ్ లేకుండా ఏకాభిప్రాయంతోనే ఆమోదం పొందుతాయి.

ప్రసంగాల విశ్లేషణ ఒక మెట్టు పైన ఉంటుంది, శ్రమ కూడా ఎక్కువే. ముందు కోడ్‌బుక్, అంటే ఏ మాటను ఏ వర్గంలో వేయాలో చెప్పే నియమాల పట్టిక, రాసుకోవాలి. ఇద్దరు విడివిడిగా కోడ్ చేసి, కనీసం పదో వంతు పాఠంపై పొంతన చూడాలి. ఆ పొంతనను కొలిచే క్రిప్పెన్‌డార్ఫ్ ఆల్ఫా (పూర్తిగా కలిస్తే 1) 0.80 దాటితే ధైర్యంగా ముందుకెళ్లవచ్చు. 0.667 కంటే తగ్గితే కోడ్‌బుక్‌నే తిరగరాయాలి. అనువాదాల మీద ఆధారపడకూడదు, ఎందుకంటే స్వదేశీ శ్రోతలకు చెప్పిన మాటలోని పదును ఇంగ్లిష్ ప్రతిలో తరచూ మొద్దుబారుతుంది.

అయితే బహిరంగంగా పలికిన మాట ఎంతవరకు నమ్మదగ్గది? సోవియట్ యూనియన్ క్యూబాలో క్షిపణులు పెట్టడంతో తలెత్తిన 1962 క్యూబా క్షిపణి సంక్షోభాన్నే తీసుకోండి. అక్టోబరు 27న సోవియట్ నేత క్రుశ్చేవ్ బాహాటంగానే టర్కీలోని అమెరికా జూపిటర్ క్షిపణులను తీసేయమన్నాడు. అమెరికా అధ్యక్షుడు కెనెడీ జవాబులో టర్కీ పేరే లేదు. ఆ రాత్రే అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనెడీ సోవియట్ రాయబారి దోబ్రినిన్‌ను కలిసి, ఆ క్షిపణులను కొన్ని నెలల్లో తొలగిస్తామని, ఆ మాట బయటకు పొక్కకూడదని చెప్పాడు. ప్రసంగాలు, ప్రకటనలు మాత్రమే చదివినవారు అమెరికా ఏమీ వదులుకోలేదనే తేల్చేవారు. ఇంటర్వ్యూలూ చాలా ఏళ్లు ఈ పొరపాటు నుంచి కాపాడలేకపోయాయి, సంగతి తెలిసిన అధికారులు దశాబ్దాలపాటు ఒప్పందం లేదనే చెప్పారు. రాబర్ట్ కెనెడీ జ్ఞాపకాలను సవరించి ఆ ఒప్పందాన్ని మరుగుపరచానని అధ్యక్షుడు కెనెడీ సలహాదారు సోరెన్సెన్ ఒప్పుకున్నది 1989లో.

అందుకని ఇంటర్వ్యూలను పక్కన పెట్టమని కాదు. ‘మీ దేశ విధానం ఏమిటి?’ అని అడిగితే పత్రికా ప్రకటనే తిరిగి వినిపిస్తుంది. ‘ఆ ముసాయిదా ఎవరు రాశారు? ఎవరి బల్ల మీద ఆగింది? ఎవరు అభ్యంతరం చెప్పారు?’ అని అడగాలి. తేదీలను మాత్రం జ్ఞాపకానికి వదలకుండా కాగితంతో సరిచూడాలి. ఆ నిర్ణయంపై చర్చలో తన వాదన నెగ్గని అధికారిని కూడా కలవాలి, గెలిచినవారి కథ ఎప్పుడూ సాఫీగానే ఉంటుంది.

‘ఎందుకు’ అనే ప్రశ్నకు మా ఓటు పాత ఫైళ్లకే. ఒక్క నిర్ణయం తీసుకుని, సాధ్యమైన రెండు మూడు వివరణలు రాసుకోండి. ఒక్కోటి నిజమైతే ఫైల్లో ఏం కనిపించాలో, ఏం కనిపించకూడదో ఆర్కైవ్స్‌కు వెళ్లకముందే రాసి పెట్టుకోండి. ఈ పని వాయిదా వేస్తే నచ్చిన వివరణకు సరిపడే కాగితాలే కంటికి ఆనతాయి. ఫైళ్లతో ఇబ్బంది గడువు, అంటే అవి బయటివారికి తెరిచేదాకా ఆగాల్సిన కాలం. బ్రిటన్ 30 ఏళ్ల గడువును 2013 నుంచి దశలవారీగా 20కి తగ్గించింది. భారత్‌లో నిబంధన 25 ఏళ్లే అయినా, విదేశాంగ శాఖ ఫైళ్లన్నీ అప్పటికి చేతికి రావు. ఒక దేశం ఫైలు మూసి ఉంటే అవతలి దేశం ఆర్కైవ్స్‌లో వెతకాలి. సంభాషణ నమోదు సాధారణంగా రెండు వైపులా ఉంటుంది.

ఒంటరిగా పనిచేసే పరిశోధకులు ఓట్ల లెక్కతో మొదలుపెట్టి, దిశ మారిన ఏడాదిని పట్టుకోవచ్చు. ఆపై సమయంలో అధికభాగం ఆ ఏడాదిలోని ఒక నిర్ణయం ఫైళ్ల మీద, అందులో పాల్గొన్నవారి ఇంటర్వ్యూల మీద పెట్టాలి. ఫైళ్లు ఇంకా తెరవని ఇటీవలి నిర్ణయమైతే ఇంటర్వ్యూలు, ప్రసంగాలే దిక్కు. అప్పుడు ‘ఎందుకు’ అని కాకుండా ‘ప్రభుత్వం దాన్ని ఎలా సమర్థించుకుంది’ అని ప్రశ్ననే మార్చుకోవడం నిజాయితీ.