చెక్కా, ట్రస్టా, బాండా: కంపెనీ చందా ఏ దారిలో వెళ్తే మనకి మేలు?

చందాల గొడవ వచ్చినప్పుడల్లా అందరూ ఏ పార్టీకి ఎంత ముట్టిందనే చూస్తారు, నేను షేర్లు కొన్నోడి వైపు నుంచి చూస్తా, పది షేర్లే అయినా ఆ డబ్బులో మనదీ ఓ పైసా ఉంది కదా.

పార్టీలకి చందాగా ఇచ్చే ఎన్నికల బాండ్లు ఎలాగూ పోయాయి కానీ వాటితో పోలిస్తే తప్ప మిగతావి అర్థం కావు. 2018లో మొదలయ్యాయి, ఎస్‌బీఐలో కొనాలి, వెయ్యి నుంచి కోటి దాకా, 15 రోజుల్లో పార్టీ మార్చుకోవాలి. బ్యాంకు దారిలో వచ్చే డబ్బు కాబట్టి నల్లధనం కాదన్నారు, సరే, కానీ ఎవరు కొన్నారో బ్యాంకుకి తెలుసు, మనకే తెలీదు. అసలు దెబ్బ 2017 ఫైనాన్స్ యాక్ట్‌లో పడింది. మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతం మించకూడదన్న లిమిట్ తీసేశారు, ఏ పార్టీకిచ్చారో లెక్కల్లో రాయాలన్న రూలూ తీసేశారు, అంటే నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఎంతైనా ఇచ్చి నోరు మూసుకోవచ్చు! 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు బాండ్లనీ ఈ మార్పుల్నీ మొత్తం కొట్టేసింది. మార్చిలో బాండ్లు ఎవరు ఎంతకి కొన్నారో లిస్టు బయటికొస్తే లాటరీల ఫ్యూచర్ గేమింగ్ 1,368 కోట్లు, మన హైదరాబాద్ మేఘా ఇంజినీరింగ్ 966 కోట్లు. కోర్టు గట్టిగా పట్టుకోకపోతే ఈ అంకెలు మన కంట పడేవే కావు.

ఎలక్టోరల్ ట్రస్టు, అంటే కంపెనీల దగ్గర చందాలు పోగేసి పార్టీలకి పంచే సంస్థ, కొంచెం నయం. వచ్చినదాంట్లో 95 శాతం ఆ ఏడాదే పార్టీలకి పంచాలి, ఎవరిచ్చారు, ఎవరికి పంచాం అని ఎన్నికల సంఘానికి రిపోర్టు ఇవ్వాలి. తిరకాసు ఎక్కడంటే, పది కంపెనీల డబ్బు ఒకే కుండలో పోసి నాలుగు పార్టీలకి వడ్డిస్తే ఎవరి అన్నం ఎవరి ఆకులో పడిందో ఎలా చెప్తాం? కంపెనీ లెక్కల్లో ట్రస్టుకి ఇంత ఇచ్చాం అని రాస్తే చాలని 2013లోనే సర్క్యులర్ ఉంది.

నేరుగా చెక్కు రాసిస్తే అమౌంటూ పార్టీ పేరూ రెండూ రాయాలి, బోర్డు తీర్మానం కావాలి. అవతలి పార్టీ గెలిస్తే కక్ష కడతారని కంపెనీలు భయపడతాయి, ఆ భయం ఉత్తిది కాదు, ఒప్పుకుంటా. అయినా నా ఓటు చెక్కుకే.

ఎందుకంటే సీఎస్ఆర్ చూడండి, అంటే కంపెనీలు సమాజ సేవకి పెట్టే ఖర్చు, లాభంలో ఆ 2 శాతం ఖర్చుకి ఏ జిల్లాలో ఏ పని చేశారో యాన్యువల్ రిపోర్టులో పేజీలకి పేజీలు రాస్తారు. టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలైతే 2022-23 నుంచి పర్యావరణం, సమాజం లెక్కలు చెప్పే రిపోర్టు బీఆర్‌ఎస్‌ఆర్‌లో నీళ్లెన్ని వాడారో, బోర్డులో ఆడవాళ్లు ఎంత శాతమో కూడా చెప్పాలి. అదే రిపోర్టులో కోట్ల చందాకి మాత్రం ఒక్క లైను.

మహిళా డైరెక్టర్ రూల్‌కీ ట్రస్టు రూల్‌లాగే సందు దొరికింది, బోర్డులో ఒక మహిళ ఉండాలి అనగానే చాలా కంపెనీలు ప్రమోటర్ భార్యనో కూతుర్నో కూర్చోబెట్టేశాయి, తర్వాత స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ "ఇండిపెండెంట్", అంటే ప్రమోటర్‌తో సంబంధం లేని, అనే మాట చేర్చింది, 2019 ఏప్రిల్ నుంచి టాప్ 500కి, మరుసటేడు టాప్ 1000కి. ట్రస్టు రూల్‌కీ అలాంటి ఒక్క ముక్క తగిలించి, మీ డబ్బు ఏ పార్టీకి వెళ్లిందో రాయండి అంటే నేను కూడా ట్రస్టే మేలంటా.

ఈలోగా యాన్యువల్ రిపోర్టు వస్తే ముందున్న ఫొటోలు వదిలేసి వెనక నోట్స్‌లో "అదర్ ఎక్స్‌పెన్సెస్" దగ్గరికి వెళ్లండి, ఆ లైను ఎక్కువగా అక్కడే దాక్కుని ఉంటుంది.