ఖాళీలతో ఓసీ, పాడయ్యే ఫైల్ పేరు: జెడ్ ఓఎస్ యూనిక్స్ మీద అసెంబ్లర్ ఏళ్లపాటు వాడాక

నల్లగొండ నుంచి రిమోట్‌లో మెయిన్‌ఫ్రేమ్ అసెంబ్లర్ రాసేవాళ్లకు ముందు చెప్పాల్సింది ఇదే: జెడ్ ఓఎస్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్)లో యూనిక్స్ ఫైల్ పేరున్న ఫీల్డ్ మీద ఖాళీలతో ఓసీ (రెండు ఫీల్డ్‌ల బిట్లను ఆర్ చేసే) ఇన్‌స్ట్రక్షన్ వేయకండి.

డేటాసెట్ (మెయిన్‌ఫ్రేమ్ సొంత తరహా ఫైల్) పేర్ల దగ్గర అది పాత అలవాటు. ఖాళీ కోడ్ 40 (ఇక్కడి బైట్ విలువలన్నీ హెక్స్‌లోనే), కాబట్టి చివర మిగిలిన 00 బైట్లు 40 అయి ఖాళీలవుతాయి. దాంతోపాటే చిన్న అక్షరాలూ పెద్దవైపోతాయి, ఎందుకంటే ఈబీసీడిక్ అనే మెయిన్‌ఫ్రేమ్ అక్షర కోడ్‌లో చిన్న ఎ 81, పెద్ద ఎ సీ1, తేడా సరిగ్గా 40. డేటాసెట్‌కు అది కావాల్సిందే. యూనిక్స్‌లో మాత్రం చిన్న అక్షరాల మిర్యాలగూడ వేరు, పెద్ద అక్షరాల మిర్యాలగూడ వేరు. పైగా స్లాష్ 61, చుక్క 4బీ, అంకెలు ఎఫ్0 నుంచి ఎఫ్9. వీటిలో ఆ 40 బిట్ ముందే ఉంది కాబట్టి చెక్కుచెదరవు. డంప్‌లో (మెమరీ ముద్రణలో) పాత్ చక్కగానే కనిపిస్తుంది.

చదవడానికే తెరిస్తే, ఫైల్ తెరిచే సర్వీసు బీపీఎక్స్1ఓపీఎన్ మైనస్ 1 ఇచ్చి, రిటర్న్ కోడ్ 129 (అలాంటి ఫైల్ లేదు) చూపిస్తుంది. అది నయం. ఓ-క్రియేట్ (ఫైల్ లేకుంటే సృష్టించు) పెట్టి తెరిస్తే, డైరెక్టరీ పేర్లలో చిన్న అక్షరాలు లేనప్పుడు తప్పే రాదు, పెద్ద అక్షరాలతో ఇంకో ఫైల్ పుడుతుంది. తర్వాతి స్టెప్ పాత ఫైలే చదివి నిన్నటి లెక్కలు చూపిస్తుంది. ఎన్‌సీ (బిట్లను యాండ్ చేసే ఇన్‌స్ట్రక్షన్)తో బీఎఫ్ వేసి వెనక్కి తిప్పుదామంటే స్లాష్ 21 అయి పాతే విరిగిపోతుంది.

సరైన దారి టీఆర్ (బైట్లను పట్టిక ప్రకారం మార్చే ఇన్‌స్ట్రక్షన్)కు 256 బైట్ల పట్టిక: ప్రతి బైటూ తనలాగే, 00 చోట మాత్రం 40. అసలు ఖాళీలే అక్కర్లేదు. బీపీఎక్స్1ఓపీఎన్ పేరు పొడవును విడిగా ఫుల్‌వర్డ్‌లో తీసుకుంటుంది. చివరి ఖాళీని పొడవులో కలిపితే అదీ పేరులో భాగమే.

డీసీ సీ (అక్షరాల) స్థిరాంకంలో రాసిన అక్షరాలను హెచ్ఎల్ఏఎస్ఎం (ఐబీఎం అసెంబ్లర్) ముట్టుకోదు, అది మెచ్చుకోవాలి. కానీ అక్కడిదాకా పేరు సరిగ్గా చేరాలి కదా. తెరిచిన మెంబర్‌లో (సోర్స్ ఫైల్‌లో) ఒక్క చిన్న అక్షరమూ లేకపోతే మెయిన్‌ఫ్రేమ్‌లోని ఐఎస్‌పీఎఫ్ ఎడిటర్ తనంతట తానే క్యాప్స్ ఆన్ చేస్తుంది. ఎంటర్ కొట్టగానే పాత్ పెద్ద అక్షరాలవుతుంది. పైన చిన్న అక్షరాల్లో ఒక కామెంట్ రాసి ఉంచితే చాలు, తర్వాత తెరిచినప్పుడు ఆఫ్‌లోనే ఉంటుంది. ప్రొఫైల్ లాక్ అయి ఉంటే క్యాప్స్ ఆఫ్ చేతితో కొట్టాల్సిందే. టీఎస్ఓ (మెయిన్‌ఫ్రేమ్ కమాండ్ వాతావరణం) కాల్ కమాండ్‌తో పాత్ పంపితే యాజ్-ఈజ్ కూడా పెట్టండి, లేకుంటే పార్మ్ (ప్రోగ్రామ్‌కు పంపే విలువ) పెద్ద అక్షరాలవుతుంది.

మా పనిలో పాత్‌లు తక్కువ, దాదాపు అన్నీ స్థిరాంకాలే. అందుకే అసెంబ్లర్ వదల్లేదు. రన్‌టైమ్‌లో పాత్‌లు పేర్చేవాళ్లకు ఇంత ధైర్యంగా చెప్పలేను.