బిగినర్ దశ అయిపోయాక ఏ ప్రోగ్రామ్? ఏడు నెలలు 5/3/1 చేశాక నా రివ్యూ

ముందే చెప్పేస్తాను. ఉద్యోగం చేసుకుంటూ, ఒకే ఒక్క స్క్వాట్ ర్యాక్ (బరువుల రాడ్ ఆనించే స్టాండ్) ఉన్న జిమ్‌కి వెళ్లేవాళ్లకి, వెళ్లిన ప్రతిసారీ బరువు పెంచే దశ నిజంగా ముగిసిపోతే 5/3/1 (బార్‌బెల్‌తో బలం పెంచుకోడానికి, నెలకోసారి బరువు పెంచే పద్ధతి) మంచి ప్రోగ్రామ్. నేను డిసెంబర్ చివర్లో మొదలుపెట్టి ఏడు సైకిళ్లు (ఒక్కోటి నాలుగు వారాలు) పూర్తి చేశాను. అంతకుముందు వేరే ప్రోగ్రామ్ ఎంచుకుని ఆరు వారాలు పోగొట్టుకున్నాను కాబట్టి అది కూడా చెప్తాను.

మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో లెక్కలు చూస్తాను. పోయిన సంవత్సరం జూన్‌లో, సీజన్ హడావుడి తగ్గాక, బార్‌బెల్ పట్టుకున్నాను. వారానికి మూడు రోజులు, మూడు సెట్లు, సెట్‌కి ఐదు రెప్స్ (అంటే వరసగా ఐదుసార్లు ఎత్తడం), వెళ్లిన ప్రతిసారీ రెండున్నర కిలోలు పెంచడం. స్క్వాట్ (రాడ్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం) 40 కిలోలతో మొదలై అక్టోబర్‌కి 97.5కి వచ్చింది, బెంచ్ (పడుకుని ఛాతీ మీదనుంచి నెట్టడం) 62.5, ఓవర్‌హెడ్ ప్రెస్ (నిలబడి తల మీదికి ఎత్తడం) 42.5. ఆ తర్వాత ఆగిపోయింది. పది శాతం తగ్గించి మళ్లీ పైకి వచ్చినా అక్కడే ఆగింది, ఇంకోసారి తగ్గించినా అంతే. రాత్రి నిద్ర ఏడు గంటలకి తెచ్చాను, 72 కిలోల ఒంటికి రోజుకి 115 గ్రాముల ప్రోటీన్ అందేలా గుడ్లు, పెరుగు, చికెన్ పెంచాను (శనివారాలు మాంసం తినం కాబట్టి ఆ రోజు పనీర్, పెసరట్టు). అప్పటికీ కదల్లేదు. ఇక ప్రోగ్రామ్ మార్చాల్సిందే అని అప్పుడు ఒప్పుకున్నాను. ఈ వరస మీరూ పాటించండి. రెండుసార్లు బరువు తగ్గించి మళ్లీ ఎక్కకముందే, తిండీ నిద్రా సరిచూసుకోకముందే ప్రోగ్రామ్ మార్చేస్తే, రెండు రోజులకోసారి పెరగగలిగిన బలాన్ని మీరే నెలకోసారికి నెట్టుకుంటారు.

ఎందుకు ఆగుతుందంటే, కొత్తలో మనం ఎత్తే బరువు చిన్నది, దాని అలసట నుంచి ఒళ్లు రెండు రోజుల్లో తేరుకుని కాస్త బలపడుతుంది. బరువు పెరిగేకొద్దీ, ఒంటిని ఇంకాస్త బలపడేలా చెయ్యాలంటే పెద్ద దెబ్బే వెయ్యాలి, అంత దెబ్బ తగిలాక తేరుకోడానికి రెండు రోజులు చాలవు. అందుకే తర్వాత వచ్చే ప్రోగ్రాములన్నీ ముందుగా తేల్చేది ఒక్కటే, వారానికోసారి పెంచాలా, నెలకోసారి పెంచాలా అని.

నేను మొదట వారానిది ఎంచుకున్నాను, టెక్సస్ మెథడ్. సోమవారం 5×5, అంటే శుక్రవారం ఎత్తే బరువులో సుమారు 90 శాతంతో ఐదేసి రెప్స్, ఐదు సెట్లు. బుధవారం తేలిక. శుక్రవారం ఒకే ఒక్క సెట్, ఐదు రెప్స్, కొత్త రికార్డు. కాగితం మీద చాలా బాగుంటుంది. కానీ సోమవారం స్క్వాట్ ఐదు సెట్లు, ఒక్కో సెట్ మధ్య ఐదు నిమిషాలు, తర్వాత బెంచ్ ఐదు సెట్లు, ఇదంతా సాయంత్రం ఏడింటికి వెనకాల నలుగురు కుర్రాళ్లు ర్యాక్ కోసం ఎదురుచూస్తుంటే చెయ్యాలి. గంటా నలభై ఐదు నిమిషాలు పట్టేది. మూడు వారాలు శుక్రవారం రికార్డు వచ్చింది, నాలుగో వారం సోమవారమే పూర్తి కాలేదు. ఆరో వారానికి సోమవారం అంటేనే టెన్షన్ మొదలైంది. ప్రోగ్రామ్ చెడ్డదని అనను. ఇరవై ఏళ్ల వయసు, హాస్టల్ మెస్‌లో కడుపునిండా తిండి, సాయంత్రాలు ఖాళీ ఉన్న కుర్రాడికి ఇది బాగా పనిచేస్తుంది, మా జిమ్‌లో ఒక ఇంజనీరింగ్ అబ్బాయి దీనితోనే నాకంటే ముందుకెళ్లాడు.

మధ్యలో ఒక ఆన్‌లైన్ కోచ్‌కి నెల ఫీజు కట్టాను, అదీ చెప్పాలి. నేను ఎంత ఎత్తుతున్నానో, ఎక్కడ ఆగిపోయానో ఒక్క ప్రశ్న కూడా అడగకుండా అందరికీ పంపే షీటే పంపాడు. ఎవరికైనా డబ్బు కట్టే ముందు, మీ అంకెలు అడుగుతారో లేదో చూడండి.

ఇక 5/3/1. అమెరికన్ లిఫ్టర్ జిమ్ వెండ్లర్ 2009లో బయటపెట్టింది. ముందు మీరు ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువు అంచనా వేసుకోవాలి, అందులో 90 శాతం మాత్రమే తీసుకుని దాన్ని ట్రైనింగ్ మ్యాక్స్ అనుకోవాలి. లెక్కలన్నీ ఆ తగ్గించిన అంకె మీదే. మొదటి వారం 65, 75, 85 శాతాలతో ఐదేసి రెప్స్. రెండో వారం 70, 80, 90తో మూడేసి. మూడో వారం 75తో ఐదు, 85తో మూడు, 95తో ఒకటి. ప్రతి రోజూ చివరి సెట్‌లో ఆ సంఖ్య దాటి ఎన్ని వస్తే అన్ని. నాలుగో వారం 40, 50, 60తో విశ్రాంతి. ఆ తర్వాత స్క్వాట్, డెడ్‌లిఫ్ట్‌కి (నేల మీది రాడ్‌ని పట్టుకుని నిలబడడం) ఐదు కిలోలు, బెంచ్, ప్రెస్‌కి రెండున్నర పెంచి మళ్లీ మొదటి వారం.

నా స్క్వాట్ మ్యాక్స్ సుమారు 113 అని లెక్క తేలింది, ట్రైనింగ్ మ్యాక్స్ 102.5. మొదటి వారం చివరి సెట్ 87.5 వచ్చింది. రెండు నెలల కింద మూడు సెట్లు కొట్టి వదిలేసిన బరువు అది. వెనక్కి వెళ్తున్నానేమో అని మనసు ఒప్పుకోలేదు, అయినా కాగితంలో ఉన్నదే చేశాను, తొమ్మిది రెప్స్ వచ్చాయి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, తేలిగ్గా ఉందని 90 శాతాన్ని వంద చేసేస్తారు, మూడో సైకిల్‌కల్లా గోడ తగులుతుంది. ఆ పది శాతమే తర్వాత నెలల్లో తిని బతకడానికి దాచుకున్న గింజలు.

దీని అసలు విలువ నాకు ఏప్రిల్‌లో తెలిసింది. సీజన్‌లో యార్డుకి రోజూ వేల టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతాయి, లెక్కలు ముగిసేసరికి రాత్రి పది, నిద్ర ఐదు గంటలు, ఘాటుకి కళ్లు మంట. అప్పటికి ట్రైనింగ్ మ్యాక్స్ 117.5. నాలుగో సైకిల్ మొదటి వారంలో 100 కిలోలు ఐదు రెప్స్ కొట్టాల్సింది, నాలుగుకే ఆగిపోయాను. పాత పద్ధతిలో అయితే మళ్లీ మళ్లీ అదే బరువు మీద పడి నడుం నొప్పి తెచ్చుకునేవాణ్ణి. ఇక్కడ ఏం చెయ్యాలో ముందే రాసి ఉంది, పది శాతం తగ్గించు, అంతే. 105తో మళ్లీ ఎక్కాను. వారానికి నాలుగు రోజులు, రోజుకో లిఫ్టు ఉండే షెడ్యూల్‌ని రెండు రోజులకి కుదించి, రోజుకి రెండు లిఫ్టులు చేశాను. సీజన్ మొత్తంలో ఒక్క వారం కూడా మానలేదు.

ఇప్పుడు ట్రైనింగ్ మ్యాక్స్ 115, పోయిన వారం 110 కిలోలు ఐదు రెప్స్. అక్టోబర్‌లో అదే ఐదు రెప్స్ 97.5తో. 5/3/1 చేసిన ఏడు నెలలకి పన్నెండున్నర కిలోలు. కొత్తలో ఆ పన్నెండున్నర రెండు వారాల్లో వచ్చేసేది. ఇది చదివి నిరాశ పడేవాళ్లు ఉంటారు, కానీ ఇకనుంచి పెరుగుదల వేగం ఇదే, ఇంతకంటే వేగంగా పెంచుతామని అమ్మేవాళ్లని నేను నమ్మను. మా జిమ్ గోడ మీద వెంకట్ రాహుల్ ఫొటో ఉంది, మన స్టువర్ట్‌పురం అబ్బాయి, 2018 గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణం తెచ్చాడు. కుర్రాళ్లు అలాంటివాళ్ల ట్రైనింగ్ చూసి వారానికి ఆరు రోజులు మొదలుపెడతారు. వాళ్లకి అదే ఉద్యోగం, పక్కన కోచ్ ఉంటాడు. మనం పొద్దున్నే పనికి పోవాలి.

లోపాలూ ఉన్నాయి. మెయిన్ సెట్లు మూడే కాబట్టి అవొక్కటే చేస్తే పని తక్కువవుతుంది, పైన ఇంకేదైనా కలపాల్సిందే. నేను 50 శాతంతో 5×10 (పదేసి రెప్స్, ఐదు సెట్లు) కలిపాను, మొదటి వారం స్క్వాట్ చేశాక నాలుగు రోజులు మెట్లు దిగలేకపోయాను. మీరు మూడు సెట్లతో మొదలుపెట్టండి. చివరి సెట్‌లో ఎన్ని వస్తే అన్ని అన్నారు కదా అని ఊపిరి ఆగేదాకా లాగొద్దు, ఇంకొక్కటే వస్తుంది అనిపించగానే రాడ్ ర్యాక్‌లో పెట్టేయండి.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఓవర్‌హెడ్ ప్రెస్. 45 కిలోల ట్రైనింగ్ మ్యాక్స్‌కి రెండున్నర కిలోలు అంటే ఐదు శాతం పైనే, భుజాలకి అది పెద్ద అడుగు. మా జిమ్‌లో చిన్న ప్లేట్ అంటే 1.25 కిలోలదే, అదీ ఒక జతే. చివరికి ఆటోనగర్‌లో ఒక లేత్ షాపులో ఇనప బిళ్లలు చేయించుకున్నాను, ఒక్కోటి అర కిలో, రాడ్ చివర 50 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి రంధ్రం 51. జత పెడితే కిలో పెరుగుతుంది. అప్పటినుంచి ప్రెస్ నెలకి ఒక్క కిలో పెంచుతున్నాను, ఆగలేదు. ఆడవాళ్లకి, తక్కువ బరువున్నవాళ్లకి బెంచ్‌కి కూడా ఇవి కావాలి. వెళ్లేటప్పుడు వంటింటి తూకం తీసుకెళ్లండి, నాకు మొదట ఇచ్చిన జతలో ఒకటి 40 గ్రాములు ఎక్కువుంటే అక్కడే మళ్లీ అరగదీయించాను.

సోమవారం ఎనిమిదో సైకిల్. స్క్వాట్ ట్రైనింగ్ మ్యాక్స్ 120, చివరి సెట్ 102.5.