దోమల మొక్క అని అమ్మిన కుండీలు: నాలుగు నెలల అనుభవం

ఫిబ్రవరిలో కడియం వెళ్లినప్పుడు అక్కడి ఒక నర్సరీలో "దోమలు దరి చేరవు" అన్న చీటీ తగిలించిన నాలుగు కుండీలను కలిపి ఆరు వందల రూపాయలకు కొని, విజయవాడలోని మా ఫ్లాటు బాల్కనీలో పెట్టుకున్నాను. దోమల మొక్క పేరుతో ఒక జెరేనియం, దానితోపాటు నిమ్మగడ్డి, తులసి, బంతి ఉన్నాయి. మొక్కలు ఆరోగ్యంగానే వచ్చాయి; తప్పంతా చీటీదే.

జెరేనియం ఆకును రెండు వేళ్ల మధ్య నలిపితే నిమ్మతొక్కను, గులాబీని కలిపినట్టుండే వాసన చాలాసేపు చేతిని వదలదు. నలపకపోతే మాత్రం కుండీకి ముక్కు ఆనించినా అంతంత మాత్రమే. ఆకు మీది నూగులో ఉండే సన్నని గ్రంథులలో ఆ నూనె దాగి ఉంటుంది. పురుగు కొరికినప్పుడో, చేయి ఒరుసుకున్నప్పుడో గ్రంథి చిట్లితేనే అది ధారాళంగా బయటపడుతుంది. మొక్క ఆ ఘాటును దాచుకున్నది తన ఆకులను తినే పురుగుల కోసమే గాని మన కాళ్లను కుట్టే దోమ కోసం కాదు. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడును, ఒంటి వాసనను, వెచ్చదనాన్ని ఆనవాలు పట్టి వచ్చే దోమకు మూడడుగుల దూరంలో ఊరకే నిలబడిన కుండీ ఏమి అడ్డం? మొదటి వారంలోనే ఒక దోమ ఆ జెరేనియం ఆకు అడుగున తీరిగ్గా వాలి ఉండటం మా ఆవిడ నాకు చూపించింది.

మా అమ్మమ్మ బియ్యంలో ఎండు వేపాకు, వావిలాకు వేసి మూత బిగించేది. అక్కడ వాసన పోవడానికి దారి లేదు కనుక పురుగు వెనకాడేది. బాల్కనీకి మూత పెట్టలేము.

నాలుగింటిలో పనికొచ్చింది నిమ్మగడ్డి. నాలుగు ఆకులు కోసి, దంచి, ఆ రసం కాళ్లకు రాసుకుంటే కాసేపు దోమలు తగ్గిన మాట నిజమే గాని, అరగంటకు ఆ ఘాటు ఎగిరిపోతుంది. పైగా ఆ ఆకు అంచు వేలిని కోస్తుంది. దీని బంధువైన మరో గడ్డి నుంచి తీసే సిట్రొనెల్లా నూనెకూ ఇదే ఇబ్బంది, త్వరగా ఆవిరైపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ రాసుకోవలసిందే. బంతిని ఈ జాబితాలో ఎందుకు చేర్చారో నాకు అర్థం కాలేదు. టమాటా రైతులు చేను చుట్టూ బంతి వేసేది కాయలు తొలిచే శనగపచ్చ పురుగు తల్లి వచ్చి దాని మీదే గుడ్లు పెట్టాలని, అంటే తరమడానికి కాదు, పిలవడానికి. తులసి సంగతి ప్రతి ఇంటి పెరటికీ తెలిసినదే.

అసలు ఫిర్యాదు వేరే ఉంది. కుండీల కింద పెట్టుకొమ్మని ఇచ్చిన ప్లాస్టిక్ పళ్లేలలో నీరు నిలిచి, రెండో వారానికి తోక ఆడిస్తూ దోమ పిల్లలు కనిపించాయి. పగలు కుట్టి డెంగీ తెచ్చే దోమ గుడ్లు పెట్టడానికి వెతుక్కునేది ఇటువంటి నిలవ నీటినే. అమ్మేటప్పుడు ఈ ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఇప్పుడు పళ్లేలన్నిటిలో ఇసుక నింపాను.

జెరేనియం మే ఎండకు మాడిపోయింది. నిమ్మగడ్డి మాత్రం పిలకలు వేసి, పక్క ఫ్లాటు వారికి పంచగా మిగిలినది మా ఇంట్లో రోజూ టీలోకి వెళుతోంది. మళ్లీ కొనవలసి వస్తే అదొక్కటే కొంటాను, దోమతెర డబ్బు విడిగా తీసి పెట్టుకుని.